కార్డు మీద నేరం మోపే ముందు

కంప్యూటర్ కష్టాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే, సెలవులు మొదలయ్యాయని క్యాలెండర్ తిప్పకుండానే తెలిసిపోయింది. ప్రింటర్ గురించి ఒక్కరూ అడగలేదు. అన్నీ గేములే. అందరూ తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డునే ముద్దాయిని చేశారు. నాలుగింటికి జవాబిస్తున్నాను. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. ఊరి పేరు మార్చితే ఇంకా చాలామంది ఉత్తరం అదే.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డు కొన్నాను. జీటీఏ 5 ఆడుతుంటే పది పదిహేను నిమిషాలకు స్క్రీన్ నల్లబడిపోతుంది. స్పీకర్లలో శబ్దం మాత్రం వస్తూనే ఉంటుంది, కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతాయి. ఒక్కోసారి ఏకంగా సిస్టమే రీస్టార్ట్ అవుతుంది. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను మూడుసార్లు మార్చాను. విండోస్ కూడా కొత్తగా వేశాను. ఆటలకు డబ్బు తగలేశావని నాన్న రోజూ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. కార్డు పోయినట్టేనా? (ఖమ్మం)

జవాబు: పోయిందని అప్పుడే అనకండి. ఆ మాట తొందరపడి అని నేను ఒకసారి తలదించుకున్నాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో షాపు నడిపే రోజుల్లో ఒక కుర్రాడు ఇదే గొడవతో కార్డు పట్టుకొచ్చాడు. వేసవి రద్దీ. అరగంట ఆడించి చూసే ఓపిక లేక, కార్డు పోయిందని తేల్చేసి వారంటీకి పంపాను. మూడు వారాలకు ‘లోపం లేదు’ అని చీటీ కట్టుకుని తిరిగొచ్చింది. సిగ్గుపడి వాళ్లింటికి వెళ్లాను. కంప్యూటర్, ఎయిర్ కూలర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఉన్నాయి. ప్లగ్గు లాగి చూస్తే పిన్ను నల్లగా మాడి ఉంది. ఎనభై రూపాయల బాక్సు చేసిన పనికి కార్డు ఇరవై రోజులు జైల్లో ఉంది. అప్పటినుంచి, కంప్యూటర్ ఆగిపోయిందని ఎవరన్నా చెబితే, ఎలా ఆగిపోయింది అని అడగందే ముందుకు పోను.

మీరు ఆ ‘ఎలా’ను చక్కగా రాశారు. అదే సగం వైద్యం.

గేము మధ్యలో బొమ్మ రెండు క్షణాలు బిగుసుకుపోయి, స్క్రీన్ ఒకసారి ఆరి వెలిగి, గేము మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడితే అది ఒక రకం. కార్డు రెండు సెకన్లలోపు బదులివ్వకపోతే డ్రైవర్‌ను తట్టి లేపే ఏర్పాటు విస్టా కాలం నుంచీ విండోస్‌లో ఉంది. అది పనిచేసిందన్నమాట. ఇక్కడ డ్రైవర్‌ను, ఓవర్‌క్లాక్‌ను (నిర్ణీత వేగం కన్నా ఎక్కువగా నడపడం), ర్యామ్‌ను అనుమానించాలి. మీది ఇది కాదు, రెండో రకం. మీ దగ్గర శబ్దం వస్తూనే ఉంది. స్పీకర్ల వైరు మదర్‌బోర్డుకే ఉండి ఉంటుంది కాబట్టి ప్రాసెసర్, బోర్డు బతికే ఉన్నాయి, కార్డు ఒక్కటే చేతులెత్తేసింది. ఫ్యాన్లు ఫుల్ స్పీడుకు వెళ్లడం కూడా, వాటిని అదుపు చేసేవాళ్లు లేరని చెప్పే గుర్తే. ఇక ప్లగ్గు పీకినట్టు మొత్తం సిస్టమ్ రీస్టార్ట్ కావడం మూడో రకం. అది దాదాపుగా కరెంటు వ్యవహారం. ఈ రెండూ ఒకే మిషన్‌లో మార్చి మార్చి వస్తున్నాయంటే నా చూపు కార్డు మీద నుంచి కేబినెట్ మూలకు, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె ఎస్ఎంపీఎస్ వైపు పోతుంది. 12 వోల్టుల లైను కాస్త కుంగితే కార్డు పడిపోతుంది, బాగా కుంగితే అంతా పడిపోతుంది.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటే: ఎస్ఎంపీఎస్ ఏది? కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదైతే దాని స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది, దాన్ని నమ్మకండి. కింద చిన్న గడుల్లో +12 వోల్టుల దగ్గర ఎన్ని యాంప్స్ రాశారో చూసి 12తో గుణించండి. 18 యాంప్స్ అని ఉంటే 216 వాట్లే. మీ కార్డు ఒక్కటే 185 వాట్ల దాకా తాగుతుంది, ప్రాసెసర్ ఇంకో అరవై డెబ్బై. లెక్క మీరే వేసుకోండి. ఈ కార్డుకు తయారీదారు చెప్పింది 500 వాట్ల సప్లై, అదీ నిఖార్సైన 500. ఇంకో సంగతి. కార్డు ఎనిమిది పిన్నుల సాకెట్‌కు నేరుగా వైరు వచ్చిందా, లేక పాత హార్డ్ డిస్కులకు పెట్టే నాలుగు పిన్నుల వైర్ల నుంచి కన్వర్టర్ వేసి ఇచ్చారా? ఆ ఎనిమిది పిన్నుల గుండా 150 వాట్ల వరకు రావచ్చని లెక్క. సన్నటి వైర్ల కన్వర్టర్ మీద అంత మోపితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఆ కాలిన వాసన ఒకసారి పీలిస్తే జన్మలో మరచిపోరు.

రూపాయి ఖర్చు లేకుండా పరీక్ష చేయొచ్చు. మీ కార్డు చిప్పు తయారుచేసే ఏఎండీ వారి అడ్రినలిన్ ప్రోగ్రామ్‌లో ట్యూనింగ్ పేజీలోకి వెళ్లి పవర్ లిమిట్‌ను 20 శాతం తగ్గించండి. గేములో ఫ్రేములను (సెకనుకు గీసే బొమ్మలను) 60కి కట్టేయండి. అలా గంట ఆడినా ఆగలేదంటే కార్డు పనితనంలో బహుశా లోటు లేదు, దానికి అందే కరెంటు చాలడం లేదు, లేదా వేడి ఎక్కువవుతోంది. ఈ రెండింటిని విడదీయడం కూడా తేలికే. క్రాష్ అయిన వెంటనే మళ్లీ ఆన్ చేసి ఆడండి. రెండు నిమిషాలకే పడిపోతే వేడి, ఎందుకంటే కార్డు ఇంకా చల్లారలేదు. అలా కాకుండా, వేడితో సంబంధం లేకుండా పేలుళ్లు, వాన, గుంపులు ఉన్న సీన్లలోనే పడిపోతుంటే కరెంటు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పక్కన పెట్టుకుని ఉష్ణోగ్రత చూడండి. 70ల్లో ఉంటే నిశ్చింతగా ఉండండి. 85 దాటి ఎగబాకుతుంటే దుమ్ము దులిపించి, చిప్పు వేడిని బయటికి దాటించే థర్మల్ పేస్ట్ మార్పించాలి. సెకండ్ హ్యాండ్ కార్డుల్లో అది ఎండి సుద్దముక్కలా రాలుతుంటుంది. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. మే నెలలో ఖమ్మం గది సంగతి నేను వేరే చెప్పాలా? గది పది డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అంతే పెరుగుతుంది. కేబినెట్ పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఒక పూట ఆడి చూడండి. చూడ్డానికి బాగోదు, కానీ జబ్బు తెలుస్తుంది.

డ్రైవర్ మూడుసార్లు మార్చానన్నారు. పాతదాని మీదే కొత్తది వేస్తే ముక్కలు మిగిలిపోతాయి, అందుకే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్ పెట్టి తుడిచేయమంటారు. మీకిక ఆ అవసరం లేదు. విండోసే కొత్తగా వేశారు కదా! విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ మాత్రం చూడండి. 4101 అన్న నంబరు కనిపిస్తే డ్రైవర్ బిగుసుకుపోయి తేరుకుందని. 41 అని కెర్నల్ పవర్ పేరుతో ఉంటే మిషన్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ కాలిపోయిందని కొత్తది కొనేసినవాళ్లను చూశాను. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే నంబరు పడుతుంది.

మైనింగ్ (కార్డులతో క్రిప్టో కరెన్సీ తవ్వడం) సంగతి మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది, అప్పటి కార్డులు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580లను మైనర్లు బాగా వాడారు, మెమరీ వేగం కోసం కొందరు కార్డు లోపల ఉండే బయోస్ ప్రోగ్రామ్‌ను కూడా మార్చేవారు. అలాంటి కార్డుకు ఏఎండీ డ్రైవర్ మామూలుగా ఎక్కదు, సంతకం కలవలేదని మొరాయిస్తుంది. మీరు విండోస్ కొత్తగా వేశాక కూడా డ్రైవర్ మాట్లాడకుండా ఎక్కిందంటే, బయోస్ జోలికి ఎవరూ పోలేదనే నా ఊహ. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి షేడర్లు (కార్డులో లెక్కలు చేసే యూనిట్లు) మాత్రం లెక్క చూసుకోండి. 2304 ఉంటే అసలు 580. 2048 ఉంటే పేరు 580, లోపల ఉన్నది 570 స్థాయిది. అలాంటిదైనా క్రాష్ కాకూడదనుకోండి, బేరం దగ్గర మోసపోయారని అర్థం.

పందెం కాయమంటే నేను ఎస్ఎంపీఎస్ మీదే కాస్తాను. కొనే ముందు స్నేహితుడి మంచి ఎస్ఎంపీఎస్ ఒక రోజు అడిగి తెచ్చి పెట్టి చూడండి. తెచ్చేటప్పుడు దాని వైర్లతో సహా తెచ్చుకోండి. వైర్లు ఊడి వచ్చే మోడళ్లలో ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ పెట్టెకు పెడితే, సాకెట్‌లో సరిగ్గానే కూర్చుంటుంది, లోపల పిన్నుల వరస మాత్రం వేరుగా ఉండి హార్డ్ డిస్కో, బోర్డో కాలిపోవచ్చు. ఎస్ఎంపీఎస్సే అని తేలితే కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్లది కొనండి. నాన్నగారికి దాన్ని కార్డు ఖర్చు అని చెప్పకండి, కంప్యూటర్ ఖర్చు అనండి. అబద్ధం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. సాయంత్రం వాలరెంట్ అనే ఆన్‌లైన్ గేము ఆడుతూ ల్యాగ్ వస్తోందని బల్ల గుద్దుతున్నాడు. ముప్పై వేలు పెట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమని పట్టు. పగలు బాగానే ఉంటుందట. నేను స్కూల్ టీచర్ని, నాకు ఇవేవీ తెలియవు. కొనాలా? (ఒంగోలు)

జవాబు: అమ్మా, మీకు తెలియదంటూనే అసలు సంగతి రాసేశారు. పగలు బాగుండి సాయంత్రం పాడయ్యే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. పగలు బాగుండి సాయంత్రం పాడయ్యేది ఇంటర్నెట్.

ల్యాగ్ అన్నది రెండు జబ్బులకు ఒకే పేరు. బొమ్మ తడబడితే ఫ్రేములు చాలడం లేదు, అది కార్డుదో ప్రాసెసర్‌దో తప్పు. బొమ్మ నున్నగా కదులుతూనే ఎదుటి మనిషి ఇక్కడి నుంచి అక్కడికి గెంతుతున్నా, కాల్చిన గుండు ఆలస్యంగా తగిలినా అది నెట్‌వర్క్. ఈ ఆటలో సెట్టింగ్స్, వీడియో, స్టాట్స్‌లోకి వెళితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), నెట్‌వర్క్ ఆలస్యం రెండూ తెరమీద కనబడేలా పెట్టుకోవచ్చు. గొడవ వచ్చిన క్షణాన ఏది మారిందో రాసి చూపించమనండి. ఎఫ్‌పీఎస్ వందకు పైన నిలకడగా ఉండి, ముప్పై మిల్లీ సెకన్లలో ఉండే ఆలస్యం రెండు వందలకు ఎగిరితే మీ ముప్పై వేలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇది బరువైన ఆట కాదు, పాత కార్డుల మీద కూడా చక్కగా నడుస్తుంది.

బాబూ, ఇది నీకు. కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రౌటర్ అడ్రసుకు పింగ్ (బదులు ఎంతసేపటికి వస్తుందో చూసే కమాండ్) పెట్టు, చాలా ఇళ్లలో అది 192.168.1.1. చివర ఖాళీ వదిలి -టి అని ఇంగ్లిష్ అక్షరం కొడితే ఆగకుండా సాగుతుంది. రౌటర్ నుంచి బదులు రావడమే ఒకసారి రెండు, ఒకసారి నూట యాభై మిల్లీ సెకన్లు పడుతుంటే లోపం ఇంట్లో ఉంది, అంటే వైఫైలో. రౌటర్ హాల్లో, నువ్వు రెండు గోడల అవతల ఉండి ఉంటావు. ఒక ల్యాన్ వైరు లాగించు, కొన్ని వందల్లో పని అయిపోతుంది. రౌటర్ నిలకడగా ఉండి గేములోనే ఎగురుతుంటే, సాయంత్రం ఇంట్లో ఎవరి ఫోన్ ఫొటోలను బ్యాకప్‌కు పంపుతోందో చూడు. అప్‌లోడ్ నిండిపోతే నీ చిన్న చిన్న ప్యాకెట్లు క్యూలో నిలబడతాయి. అదీ కాకపోతే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చెయ్. బల్ల ఏ తప్పూ చేయలేదు.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. మొదటి ఇరవై నిమిషాలు 70 ఎఫ్‌పీఎస్, తరవాత 25. కంపెనీవాళ్లు చూసి హార్డ్‌వేర్ బాగుందన్నారు. రాత్రి మంచం మీద ఆడుతుంటాను. (బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు కరీంనగర్)

జవాబు: మీ చివరి వాక్యమే జవాబు. ల్యాప్‌టాప్ గాలి కింది నుంచి పీలుస్తుంది. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. వేడెక్కిన చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దాన్ని లోపం అనలేం. గట్టి బల్ల మీద, వెనకవైపు రెండు అంగుళాలు ఎత్తి పెట్టండి. ఫ్రేములను 60కి కట్టేయండి. ఇంకా పడిపోతే ఛార్జర్ చూడండి. ఆఫీసు నుంచి తెచ్చుకున్న 65 వాట్ల టైప్-సి ఛార్జర్‌తో ఇలాంటి మిషన్ గేము ఆడేటంత శక్తి అందుకోలేదు. పెట్టెలో వచ్చిన పెద్ద ఇటుక ఛార్జరే వాడాలి. మీ కార్డులో మెమరీ 4 జీబీయే అయితే కొత్త గేముల్లో టెక్స్చర్లను (వస్తువుల మీద పరిచే బొమ్మలను) హై నుంచి మీడియంకు దించండి. మెమరీ నిండినప్పుడు వచ్చే తడబాటు ఏ ఫ్యానూ తగ్గించలేదు.

ప్రశ్న: నిన్ననే కొత్త కార్డు వేయించాను. పాతదానికీ దీనికీ వీసమెత్తు తేడా లేదు. షాపు అతను నకిలీది అంటగట్టాడా? (తాడేపల్లిగూడెం)

జవాబు: కేబినెట్ వెనక్కి వెళ్లండి. మానిటర్ నుంచి వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు పైన, యూఎస్‌బీల పక్కన నిలువుగా ఉన్న సాకెట్‌లో ఉందా? అది బోర్డుది. దాని కింద అడ్డంగా, విడిగా కనబడేవి కార్డువి. వైరు అక్కడికి మార్చి, అప్పుడు ఆడి చూడండి. షాపు అతనికి ఫోన్ చేయడం ఆ తరవాత.