ట్యూబు కత్తిరించుకున్నంత మాత్రాన హక్కు పోతుందా?

ప్రశ్న: నేను కొండదారుల్లో, అడవి బాటల్లో పరుగెత్తే ట్రైల్ రన్నర్‌ని. ఏడు నెలల క్రితం ఆన్‌లైన్‌లో కొన్న హైడ్రేషన్ వెస్ట్ (తాగునీటి సంచిని వీపున మోసే చేతుల్లేని జాకెట్టు) వేసుకుని 32 కిలోమీటర్ల పోటీలో పాల్గొన్నాను. 17వ కిలోమీటరు దగ్గర, వీపున ఉన్న లీటరున్నర బ్లాడర్‌కు, అంటే నీటి సంచికి, ట్యూబు కలిసే చోట పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. వెనుక జేబులోని ఫోన్ తడిసి పాడైంది. 20వ కిలోమీటరు వద్ద ఉంటుందని నిర్వాహకులు చెప్పిన నీళ్ల కేంద్రంలో నేను చేరేసరికి చుక్క నీరు లేదు. అలాగే పరుగు కొనసాగించి, కళ్లు తిరిగి పడిపోయి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ‘మీరు ట్యూబు కోశారు, నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి కలిపారు, మా బాధ్యత లేదు’ అంటున్నాడు అమ్మకందారు. ట్యూబు పొడవెక్కువని నోట పెట్టుకునే కొన వైపు నాలుగు వేళ్ల మేర కత్తిరించిన మాట నిజమే. తయారీ సంస్థ విదేశంలో ఉంది. పోటీకి ముందు ‘ఏం జరిగినా నిర్వాహకులకు బాధ్యత లేదు’ అన్న పత్రంపై సంతకం కూడా పెట్టాను. నాకు దారి ఉందా?

జవాబు: ఉంది. మీ ఉత్తరంలో మీరు మాటవరసకు రాసినట్లు రాసిన ‘నోట పెట్టుకునే కొన వైపు’ అన్న నాలుగు మాటలే నా దృష్టిలో ఈ వివాదానికి ఆయువుపట్టు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగిన సమయానికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, దానిలో మార్పులు చేసి ఉన్నా అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం కోరే దావా) నడవదు. మీ అమ్మకందారు ఆశ్రయిస్తున్నది ఈ సెక్షన్‌నే. అయితే మీరు కోసింది ఒక కొన, పగిలింది రెండో కొన. ఛాతీ దగ్గర ట్యూబును కాస్త పొట్టి చేసినందువల్ల వీపున ఉన్న జాయింటు ఎలా విడిపోతుందో అతడు వివరించవలసి ఉంటుంది. పైగా పరుగెత్తేవారు తమ ఒడ్డూ పొడవును బట్టి ట్యూబును సరిచేసుకోవడం సాధారణమే. కొన్ని తయారీ సంస్థలు తమ సూచనల కాగితంలోనే అలా కత్తిరించుకోవచ్చని రాస్తాయి. మీ వెస్ట్‌తో వచ్చిన కాగితంలో ఆ వాక్యం ఉంటే, తయారీదారు అనుమతించిన పనిని ‘మార్పు’ అనడం కష్టం. ఆ కాగితాన్ని వెతికి పట్టుకోండి. ఎలక్ట్రోలైట్ పొడి సంగతీ అంతే. సరైన వాడకానికి తగిన సూచనలు, తప్పు వాడకం గురించి హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారుదే బాధ్యతని 84వ సెక్షన్ చెబుతోంది కనుక, ‘నీరు మాత్రమే పోయాలి’ అని ఎక్కడా రాయని సంస్థ తరఫున ఇప్పుడు ఆ మాట అనడం చెల్లదు.

మీ చేతిలోని బలమైన సాక్ష్యం ఆ పగిలిన బ్లాడరే. దాన్ని కడగకండి, అతికించకండి, మళ్లీ వాడకండి. టార్చి వెలుగులో జాయింటును దగ్గరగా ఫోటోలు తీయండి: కత్తి తగిలిన అంచు నున్నగా, తిన్నగా ఉంటుంది, వేడితో అతికించిన అంచు సరిగా పట్టుకోక విడిపోతే రెండు పొరలు ఒకదాని నుంచి ఒకటి ఊడివచ్చినట్లు కనిపిస్తాయి. ఒకే ఒకసారి, నొక్కకుండా, కొద్దిగా నీళ్లు పోసి వేలాడదీసి, చుక్క ఎక్కడ పుట్టి ఎటు జారుతున్నదో వీడియో తీయండి. వీడియోలను, చాట్ సందేశాలను వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయడం మంచిది. ‘పరిశీలనకు వెనక్కి పంపండి’ అని అమ్మకందారు అడిగినా తొందరపడి పంపకండి. వస్తువు అతడి చేతికి వెళ్లాక మీకు మిగిలేది అతడు రాసి ఇచ్చే నివేదికే. పరీక్ష లేకుండా లోపం తేలని పక్షంలో 38వ సెక్షన్ కింద కమిషనే ఆ వస్తువును సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపుతుంది; పరీక్ష రుసుము ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు.

విదేశీ తయారీదారు గురించి మీరు అంతగా దిగులు పడనక్కరలేదు. తయారీదారుకు నోటీసు అందజేయడం సాధ్యం కాకపోయినా, అతడు మన చట్టానికి లోబడి ఉండకపోయినా, అతడిపై ఇచ్చిన ఉత్తర్వును అమలు చేయలేకపోయినా, అమ్మినవాడినే బాధ్యుడిని చేసే అవకాశాన్ని 86వ సెక్షన్ కల్పించింది. ‘నేను అమ్మానే గాని తయారు చేయలేదు’ అన్న మాట అక్కడ పనిచేయదు.

మీ నష్టాన్ని చట్టం ఒకే ముద్దగా చూడదు. ఉత్పత్తి బాధ్యత కింద ‘హాని’ అంటే శరీరానికి తగిలినది, ఇతర ఆస్తికి జరిగినది. లోపమున్న ఆ వస్తువు విలువ అందులోకి రాదు. కాబట్టి ఆసుపత్రి ఖర్చు, ఫోన్ నష్టం ఉత్పత్తి బాధ్యత కింద, వెస్ట్ ధర వాపసు గాని మార్పిడి గాని లోపమున్న వస్తువు కింద, ఒకే ఫిర్యాదులో విడివిడిగా కోరాలి. వెనుక జేబుకు నీరు తగలదని ప్రకటనలో చెప్పి ఉంటే ఆ పేజీని ఇప్పుడే భద్రపరచుకోండి. రాసి ఇచ్చిన హామీ తప్పినప్పుడు, తాను అజాగ్రత్తగా లేనని తయారీదారు నిరూపించుకున్నా తప్పించుకోలేడు.

ఆసుపత్రి కాగితాల విషయంలో ఒక హెచ్చరిక. దూరపు పరుగుల్లో కూలిపోవడానికి నీరు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. అతిగా నీళ్లు తాగి రక్తంలో సోడియం పడిపోయినా అలాగే జరగవచ్చు. సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే తక్కువ ఉందని మీ రక్తపరీక్షలో ఉంటే ఎదుటి న్యాయవాది దాన్నే పట్టుకుంటాడు. డిశ్చార్జి కాగితంలో వైద్యుడు ఏమి రాశారో నోటీసు పంపకముందే చదువుకోండి.

ఇక సంతకం. ఆ పత్రం మీకూ నిర్వాహకులకూ మధ్యది. వెస్ట్ అమ్మినవాడు దాన్ని అడ్డం పెట్టుకోలేడు. నిర్వాహకుల విషయంలో కూడా, కాలు జారడం, రాయి తగలడం వంటి ఆటలోనే ఉన్న ప్రమాదాలను మీరు తెలిసి ఒప్పుకున్నారు గాని, ఉంటాయని చెప్పిన నీళ్లు లేకపోవడాన్ని ఒప్పుకున్నారని నేను అనుకోను. రుసుము తీసుకుని నిర్వహించిన పోటీలో అది సేవాలోపమే అవుతుందని నా అభిప్రాయం. అయితే పత్రమే అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమని కోరదలిస్తే అది జిల్లా కమిషన్ పరిధి కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీ అవసరానికి అంత దూరం వెళ్లనక్కరలేదు; సేవాలోపం ఫిర్యాదులో ఆ పత్రాన్ని వారు చూపినప్పుడు జవాబు చెప్పుకుంటే చాలు.

మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. సంచి ఖాళీ అయిందని తెలిశాక, నీళ్ల కేంద్రంలోనూ నీరు దొరకలేదని చూశాక మీరు ఆగలేదు. ఆగి ఉంటే ఆసుపత్రి దాకా వచ్చేది కాదని ఇద్దరు ప్రతివాదులూ అంటారు. దానివల్ల మీ హక్కు పోదు గాని పరిహారం తగ్గవచ్చు. నడిచారా, సహాయం అడిగారా, ఆ దారిలో ఫోన్ లేకుండా ఎవరినైనా పిలిచే వీలుందా అన్నవి నిజాయితీగా రాసిపెట్టుకోండి.

అమ్మకందారుపై ఒకటి, నిర్వాహకులపై ఒకటి, రెండు ఫిర్యాదులు వేయమని నా సలహా. లావాదేవీలు వేరు, సాక్ష్యం వేరు. ముందుగా అమ్మకందారు ఫిర్యాదుల అధికారికి రాయండి: ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం 48 గంటల్లో అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్ అమ్మకందారు అనడానికి ఆ నియమాలు ఒప్పుకోవు. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపై మీరు నివసించే జిల్లాలోని కమిషన్. అక్కడ మీరు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనంత వరకు ఫిర్యాదుకు రుసుము లేదు. గడువు వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. కొన్న రోజు నుంచి లెక్కించినా మీకు ఇంకా పదిహేడు నెలలున్నాయి గాని, ఆరిపోయే కొద్దీ ప్లాస్టిక్ పొర గట్టిపడి పగులు ఆకారం మారవచ్చు, ప్రకటనల పేజీలూ మారిపోతాయి. ఫోటోలు ఈ రోజే తీయండి, నోటీసు ఈ నెలలోనే పంపండి.