ఫైబర్‌లో పేరు రాని గొప్ప ఆవిష్కరణ ఏదంటే, నా ఓటు పచ్చ కనెక్టర్‌కే

ఫైబర్ ఇంటర్నెట్ వెనకున్న ఆవిష్కరణల్లో రావలసినంత పేరు రానిది ఏది అని అడిగారు. ఈ ప్రశ్నకి మనవాళ్లలో చాలామంది నరీందర్ సింగ్ కపానీ అంటారు. పంజాబ్‌లోని మోగాలో పుట్టినాయన, 1954లో హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట గుండా బొమ్మని పంపించి నేచర్ పత్రికలో రాశారు, 2009లో నోబెల్ మాత్రం చార్లెస్ కావోకి ఇచ్చారు. ఆ బాధ నాకూ ఉంది. అయినా కపానీ గురించి తెలిసినవాళ్లు, మాట్లాడేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో గోడ బాక్సు లోపలికి దూరే ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ తల (అదే కనెక్టర్) గురించి మాట్లాడినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు, అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

నేను బాపట్ల వైపు ఫైబర్ జాయింట్ల పని చేస్తాను. అంతకుముందు కేబుల్ టీవీ. మా ఫీల్డ్‌లో చాలామంది అలాగే వచ్చినవాళ్లం.

కావో, హాక్‌హామ్ 1966లో లెక్క వేసి చెప్పింది ఏమిటంటే, కిలోమీటరుకి 20 డీబీ (వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత, డెసిబెల్) కంటే తక్కువ పోయే గాజు చేయగలిగితే ఫోన్లకి పనికొస్తుందని. 20 డీబీ అంటే కిలోమీటరు వెళ్లేసరికి నూటికి ఒక వంతు వెలుగే మిగులుతుంది. అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్లు 1970లో ఆ గీత దాటారు. ఇప్పుడు మేము స్తంభాల మీద లాగే మామూలు కేబుల్‌లోనే 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వెలుగుకి కిలోమీటరుకి సుమారు 0.2 డీబీనే పోతుంది. అంటే గాజు సంగతి ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఆ గాజు ఆగిపోయే చోటు. ఫైబర్ మధ్యలో వెలుగు నడిచే దారిని కోర్ అంటాం, దాని వెడల్పు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని ఎదురుగా ఇంకో 9 మైక్రాన్లని సరిగ్గా నిలబెట్టాలి, అదీ ఎవరు పడితే వాళ్లు చేత్తో పీకి మళ్లీ పెట్టేలా! రెండున్నర మిల్లీమీటర్ల తెల్లటి జిర్కోనియా (ఒక రకం పింగాణీ) పుల్ల, దాని మధ్యలో ఫైబర్ పట్టేంత రంధ్రం, చుట్టూ నొక్కితే టిక్‌మని పడే చదరపు తొడుగు. ఎస్‌సీ అనే ఈ తొడుగు జపాన్ టెలిఫోన్ కంపెనీ ఎన్‌టీటీ వాళ్లది, 1980ల నాటిది. ఇప్పటికీ మన ఇళ్లలో అదే.

అందులో నీలం, పచ్చ అని రెండు రకాలు. నీలం దాని కొన నిటారుగా ఉంటుంది, పచ్చ దాని కొన చెరకు ముక్కని ఏటవాలుగా నరికినట్టు 8 డిగ్రీలు వాలి ఉంటుంది. నా దృష్టిలో ఆ 8 డిగ్రీలే అసలు తెలివి. రెండు గాజు కొనలు కలిసే చోట ఎంతో కొంత వెలుగు వెనక్కి కొడుతుంది. కొన నిటారుగా ఉంటే అది అదే కోర్‌లో వెనక్కి పోయి పంపించే లేజర్‌ని చెడగొడుతుంది. వాలుగా ఉంటే వెనక్కి వచ్చిన వెలుగు కోర్‌లో నిలవకుండా పక్కకి జారిపోతుంది. ఒకే ఫైబర్ మీద టీవీ సిగ్నల్ కూడా పంపే కేబుల్ ఆపరేటర్లకి ఇది ప్రాణం. బొమ్మలో మచ్చలు ఎందుకు వస్తున్నాయో అర్థం కాక తల పట్టుకున్నవాళ్లకే దీని విలువ తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు. బస్టాండ్ దగ్గర ఒక జెరాక్స్ షాపు, అక్కడే ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతారు. వారం నుంచి నెట్ వస్తోంది, పోతోంది. కంపెనీవాళ్లు వచ్చి నెట్ బాక్సు (మోడెం) మార్చారు, మళ్లీ అదే. కరెంటు వోల్టేజీ బాగోలేదని చెప్పి స్టెబిలైజర్ కూడా కొనిపించారు! నేను వెళ్లేసరికి షాపు నిండా పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఆప్షన్లకి ఆ సాయంత్రమే గడువు. "తమ్ముడూ, నీకు దణ్ణం పెడతాను, వీళ్లందరూ నన్నే తిడుతున్నారు" అంది షాపు అక్క.

నేను బాక్సు జోలికి పోలేదు. ముందు గోడ దగ్గర వెలుగు కొలిచే పవర్ మీటర్ పెట్టాను, మైనస్ 21 డీబీఎం. బ్రహ్మాండంగా ఉంది. గోడ నుంచి నెట్ బాక్సుకి వెళ్లే చిన్న వైరు, అదే ప్యాచ్ కార్డ్, దాని ఇటు కొసన పెట్టి చూస్తే మైనస్ 26. మైనస్ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గినట్టు, 28 దాటితే చాలా బాక్సులు చేతులెత్తేస్తాయి. గట్టిగా రెండు మీటర్లు లేని వైరులో 5 డీబీ ఎలా పోతుంది? 0.2 లెక్కన అది పాతిక కిలోమీటర్ల కేబుల్ మింగాల్సిన వెలుగు. వేలితో గోడ దగ్గర తలని కొంచెం కదిపితే మీటర్ 28, 29కి పడిపోతోంది. ఫ్యాన్ గాలికి ఆ వైరు ఊగినప్పుడల్లా బాక్సు మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. వంగి చూస్తే గోడ కప్లర్ (తల దూర్చే సాకెట్) పచ్చది, అందులో దూర్చిన తల నీలం. ఎవరో బజార్లో దొరికిన కార్డ్ తెచ్చి పెట్టి వెళ్లిపోయారు.

రెండు తలలూ ఆ అక్క చేతిలో పెట్టి పక్క నుంచి చూడమన్నాను. జాగ్రత్తగా చూస్తే తేడా కంటికే తెలుస్తుంది, ఒకటి నిటారు, ఒకటి వాలు. నిటారు కొన వాలు కొనకి ఆనితే మధ్యలో గాలి సందు మిగులుతుంది, వెలుగు అక్కడే చెదిరిపోతుంది. "ఇంత చిన్నదానికా వారం రోజులు?" అంది. అవును, ఇంత చిన్నదానికే. సంచిలో నుంచి పచ్చ తలల కార్డ్ తీశాను, ఆ షాపు బాక్సుది కూడా పచ్చ పోర్టే. లింట్ రాని టిష్యూ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి కొనని ఒకే వైపుకి తుడిచాను, గోడ లోపలి కొనని క్లీనర్ పెన్‌తో తుడిచి పెట్టాను. టిక్. మీటర్ మైనస్ 21 దగ్గర కదలకుండా నిలబడింది. సాయంత్రం దాకా పిల్లలు ఆప్షన్లు పెట్టుకుంటూనే ఉన్నారట, అక్క ఫోన్ చేసి చెప్పింది. వారం పాటు బాక్సులు మార్చినవాళ్లలో ఒక్కరు ఆ తల రంగు చూసినా సరిపోయేది. వాళ్లకి జీతం తక్కువ, ట్రైనింగ్ అసలే లేదు, రోజుకి ఇన్ని కంప్లైంట్లు మూయాలని టెన్షన్ ఒకటి. తప్పు వాళ్లకి నేర్పనివాళ్లదే అని నా అభిప్రాయం.

ఇంకో విషయం, నైలాన్ ట్యాగ్‌లు. కేబుల్ టై అనేది 1958లో అమెరికాలో థామస్ అండ్ బెట్స్ కంపెనీలో మారస్ లోగన్ అనే ఆయన విమానాల్లో రాగి వైర్ల కట్టలు కట్టడానికి కనిపెట్టారు. దాన్ని మనవాళ్లు ఫైబర్ మీద వేసి ప్లయర్‌తో బిగించి తోక కోస్తారు. రాగికి పరవాలేదు. గాజుని అలా నొక్కితే లోపల వెలుగు కోర్ దాటి బయటికి కారిపోతుంది, పైకి చూస్తే వైరు శుభ్రంగా ఉంటుంది. వెల్‌క్రో పట్టీ వాడండి, అదీ వేలు దూరేంత వదులుగా. ఇప్పుడు ఇళ్లలోకి వంపుని తట్టుకునే జీ.657 రకం ఫైబర్ వస్తోంది, అందులో ఏ2 అయితే ఏడున్నర మిల్లీమీటర్ల వ్యాసార్థం వంపు దాకా తట్టుకుంటుంది. అలాగని కిటికీ రెక్క సందులో వేసి నలిపేస్తే తట్టుకోదు. ఇల్లు కట్టేవాళ్లు కరెంటుకి, ఏసీకి పైపులు వేయిస్తారు, నెట్‌కి ఒక్క పైపు వేయించరు, గృహప్రవేశం అయ్యాక మేము కొత్త రంగు మీద మేకులు కొడితే మమ్మల్నే తిడతారు. 2025లో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కోసేసినప్పుడు అందరూ కేబుల్‌వాళ్లనే అన్నారు. స్తంభానికి గుత్తులుగా వేలాడదీయడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను, కానీ మరి భూమిలో పైపు ఎక్కడుంది?

మళ్లీ పచ్చ కనెక్టర్ దగ్గరికి వస్తాను. దాన్ని ఇంత పొగిడినా ఒక లోపం చెప్పకుండా ఉండలేను. నీలం తల పచ్చ కప్లర్‌లో దూరకూడదు, కానీ దూరిపోతుంది. రంగు మార్చారు కానీ ఆకారం మార్చలేదు, చీకట్లో మెట్ల కింద పనిచేసేవాడికి రంగేం కనపడుతుంది? పైగా డస్ట్ క్యాప్ విడిగా వస్తుంది, పెట్టిన మొదటి రోజే పారేస్తారు. స్విట్జర్లాండ్‌లో డయమండ్ అనే కంపెనీ చేసిన ఈ-2000 కనెక్టర్‌కి తలలోనే రెప్ప ఉంటుంది, పీకగానే దానంతట అదే మూసుకుంటుంది. మా వైపు ఇళ్లలో అది నాకు ఎక్కడా కనపడలేదు. ఈసీఈ చదివే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి రెడీమేడ్ కిట్లు కొనకండి. ఎస్‌సీ ధరలో, రెప్పతో, తప్పు రంగుది దూరనివ్వని కనెక్టర్ ఒకటి గీసి 3డీ ప్రింటర్‌లో తీయండి. బాపట్ల వస్తే దుమ్ములో, ఉప్పు గాలిలో పరీక్షించడానికి స్తంభాలు నేను చూపిస్తాను.