నెట్ దగ్గర వాలీ ఎందుకు అదుపు తప్పుతుంది?

టెన్నిస్‌లో వాలీ, అంటే బంతి నేలను తాకకముందే కొట్టే షాట్, ఒకసారి అవుట్‌కి, ఒకసారి నెట్‌లోకి పోతోందని ఒకరు అడిగారు. చాలామందికి కారణం ఒకటే: రాకెట్‌ను వెనక్కి లాగి కొట్టడం. వాలీకి స్వింగ్ అక్కర్లేదు, వచ్చే బంతి వేగమే చాలు.

సుత్తి పట్టినట్టు కాంటినెంటల్ గ్రిప్ పట్టండి. ఫోర్‌హ్యాండ్‌కీ బ్యాక్‌హ్యాండ్‌కీ అదే. నెట్ దగ్గర గ్రిప్ మార్చే టైమ్ ఉండదు. అవతలివాళ్లు కొట్టే క్షణానికి చిన్నగా ఎగిరి రెండు పాదాల మీదా దిగండి. భుజం కొద్దిగా తిప్పి, మణికట్టు బిగించి, బంతిని శరీరానికి ముందే అందుకోండి.

బంతి కిందికొస్తే మోకాళ్లు వంచండి, రాకెట్ తల వాల్చొద్దు. అలాంటి బంతిని నెట్ మధ్య మీదుగా పంపడం మేలు: నెట్ ఎత్తు అక్కడ 91.4 సెం.మీ., స్తంభాల దగ్గర 107 సెం.మీ.

మన విశాఖలో సముద్రపు గాలికి బంతి చివర్లో పక్కకి జరుగుతుంది. అందుకే చిన్న చిన్న అడుగులు ఆపకండి.