సూది పేరెత్తితేనే కళ్లు తిరుగుతున్నాయి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 29. సూది గానీ రక్తం గానీ చూస్తే కళ్లు తిరిగి పడిపోతాను. చిన్నప్పుడు దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వస్తే, నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని సూది వేయించేవాళ్లు. అల్లరి చేస్తే నానమ్మ ‘సూదాయన వస్తుండు’ అని బెదిరించేది. అమ్మకూ రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. థైరాయిడ్ పరీక్ష రాసి మూడు నెలలైంది, చేయించుకోలేదు. మా ఐదేళ్ల పాపకు టీకా వేయించాలి, తనూ నాలాగే భయపడుతోంది. ‘ఇంత పిరికిదానివేంది’ అంటోంది అత్తమ్మ.

జవాబు: అమ్మా, ఇది పిరికితనం కాదు. ఈ మాట మీ అత్తమ్మకూ చదివి వినిపించండి. కుక్కకో పాముకో భయపడితే గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. స్పృహ తప్పడం అరుదు. రక్తం, సూది భయం తీరే వేరు. బీపీ మొదట కాస్త పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్లు బైర్లు కమ్ముతాయి. ఈ గుణం ఒకే కుటుంబంలో పలువురికి ఉండటం మామూలే. మీకు మీ అమ్మగారి నుంచి వచ్చి ఉండవచ్చు.

దానికి చిన్ననాటి బెదురు తోడైంది. సూది నొప్పి క్షణంలో పోతుంది. నలుగురు అదిమిపట్టినప్పుడు, ఎటూ తప్పించుకోలేనన్న భయం మాత్రం పసిమనసులో ఉండిపోతుంది. నానమ్మ మాటతో మందు కాస్తా శిక్షయింది. ఆమెను తప్పుపట్టలేం, ఊళ్లలో చాలామంది పెద్దలు అలాగే బెదిరించేవాళ్లు. పెద్దయ్యాక పరీక్ష ఎగ్గొట్టిన ప్రతిసారీ ‘హమ్మయ్య’ అనిపించింది కదా, భయాన్ని ఇన్నేళ్లు పోషించింది ఆ ఊరటే.

‘గట్టిగా ఊపిరి తీసుకో, ఒళ్లు వదులు చెయ్యి’ అని అందరూ చెబుతారు. మీకు అది సరిపడదు. ఒళ్లు వదిలేస్తే బీపీ ఇంకా దిగుతుంది, ఊపిరి ఎక్కువగా తీసినా తల తిరుగుతుంది. మీరు ఒళ్లు బిగించాలి. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. కుర్చీలో కూర్చుని పిడికిళ్లు, చేతులు, తొడలు, పిక్కలు గట్టిగా బిగించండి. ముఖం వెచ్చబడేదాకా, అంటే 10-15 సెకన్లు అలాగే ఉంచండి. ఊపిరి బిగపట్టొద్దు. తర్వాత 20-30 సెకన్లు మామూలుగా కూర్చోండి, పూర్తిగా వాలిపోవద్దు. ఇలా 5 సార్లు చేస్తే ఒక విడత. రోజుకు 5 విడతల చొప్పున వారం చేయండి. తలనొప్పి వస్తే మరీ గట్టిగా బిగిస్తున్నారని అర్థం, తగ్గించండి. బీపీ, గుండె జబ్బు ఉన్నా, గర్భవతి అయినా ముందు డాక్టర్ని అడగాలి. సూదీ రక్తం ప్రమేయం లేకుండా ఎప్పుడైనా పడిపోయి ఉంటే, ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

రెండో వారం నుంచి బిగిస్తూనే సూది ఫొటో చూడండి. తర్వాత రక్తం తీసే వీడియో. ఆ తర్వాత మెడికల్ షాపులో కొత్త సిరంజి కొని, మూత తీయకుండా చేతిలో పట్టుకోండి. చివరికి ల్యాబ్‌కి వెళ్లి ఊరికే కూర్చుని రండి. ఒక్కో మెట్టు దగ్గర భయం సగానికి తగ్గేదాకా ఆగండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడే లేచి వచ్చేస్తారు. అలా వస్తే మరుసటిసారి ఇంకా కష్టమవుతుంది. మీ ఆయన పక్కన కూర్చోవచ్చు, కళ్లు మాత్రం మూయొద్దు.

పరీక్ష రోజు అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగండి. థైరాయిడ్ ఒక్కదానికే అయితే సాధారణంగా పరగడుపున వెళ్లనక్కర్లేదు, ల్యాబ్‌లో కనుక్కుని ఏదైనా తిని వెళ్లండి. ‘నాకు కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి తీయండి’ అని ముందే చెప్పండి. సూది గుచ్చే చేయి వదులుగా ఉంచి, కాళ్లూ రెండో చేయీ బిగించండి. అయ్యాక పది నిమిషాలు లేవొద్దు. ఒంటరిగా సాధన కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పాపకు వేయాల్సింది 5-6 ఏళ్ల డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్ అయి ఉంటుంది, ఆలస్యం చేయకండి. మీరు కుదుటపడేదాకా వాళ్ల నాన్నను తీసుకెళ్లమనండి. ‘నొప్పే ఉండదు’ అని అబద్ధం చెప్పొద్దు. ‘చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది’ అంటే చాలు. మంచం మీద అదిమిపట్టకుండా, నాన్న ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి వేయించాలి. ఏ చేతికి వేయించుకుంటుందో వీలైతే పాపనే చెప్పమనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఊరుకోకపోతే ఇంకోటి వేయిస్తా’ అని మాత్రం ఇంట్లో ఎవ్వరూ అనకూడదు.