68 ఏళ్ల నాన్నగారు, ఏడేళ్ల కారు, అమలాపురం: కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో ఏం చూడాలి?

ముందు పాలసీ కాదు, లైసెన్సు చూడండి. 55 దాటాక రెన్యువల్ చేస్తే ఐదేళ్లకే ఇస్తారు, ఫారం 1ఎ మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి. గడువు తీరిన లైసెన్సుతో నడిపి గుద్దితే సొంత కారు రిపేరు క్లెయిమ్ కొట్టేస్తారు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

థర్డ్ పార్టీ (అవతలివాళ్లకు జరిగిన నష్టానికి కవర్) ఎలాగూ తప్పదు. కానీ గోదారి వరదొచ్చే ఊళ్లో అదొక్కటే ఉంటే నీళ్లలో మునిగిన కారుకు పైసా రాదు. ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కవర్) ఉన్నా, నీళ్లకు పాడైన ఇంజిన్ కోసం ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. మునిగిన కారుకు తాళం తిప్పితే సిలిండర్లలోకి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది మీరు చేసుకున్న నష్టమే అంటుంది కంపెనీ. స్టార్ట్ చేయకండి, బ్యాటరీ తీగ ఊడదీసి ఫొటోలు తీసి, టోయింగ్‌కి చెప్పండి. పాత కార్లకు ఈ ఇంజిన్ కవర్ కొన్ని కంపెనీలు ఇవ్వవు, ముందే అడగండి.

ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) మీరూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకునేదే. ప్రీమియం తగ్గుతుందని మరీ దించేస్తే కారు మొత్తం పోయినప్పుడు చేతికొచ్చేదీ అంతే.

కొబ్బరికాయ పడి బానెట్ సొట్టపోయింది, రిపేరు 4,000 అనుకోండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు 6,000, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) 50 శాతం ఉంటే, క్లెయిమ్ చేశాక ఆ బోనస్ పోయి వచ్చే ఏడాది 3,000, ఆపై ఏడాది 1,800 అదనంగా కట్టాలి. జేబులోంచి పెట్టుకోవడమే నయం. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటినా ఆ బోనస్ పోతుంది.

డ్రైవర్‌ని జీతానికి పెట్టుకుంటే పెయిడ్ డ్రైవర్ కవర్ (అతనికి దెబ్బ తగిలితే మీరివ్వాల్సిన పరిహారానికి) చేర్చండి, ఖర్చు చాలా తక్కువ.