కార్టిసాల్ పెరిగిందంటే జంతువు భయపడినట్టేనా?

ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్‌ని కొలిస్తే అడవి జంతువు ఎక్కడ మేస్తుందో, ఎక్కడికి రాదో చెప్పొచ్చా అని అడిగారు. ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం. నేనూ అక్కడే తప్పు చేశాను.

ఆ హార్మోన్ ఆనవాళ్లు పెంటికల్లో కొలవడానికి రెండేళ్లు జింకల పెంటికలు ఏరే పని చేశాను. తెల్లారగానే వెళ్లి, ఇంకా తడిగా నిగనిగలాడుతున్నవే తీసి వెంటనే ఐస్ డబ్బాలో పెట్టాలి, లేటయితే బ్యాక్టీరియా వల్ల అంకెలు మారిపోతాయి. రక్తం తీద్దామంటే జంతువుని పట్టుకున్న కొద్ది నిమిషాలకే కార్టిసాల్ ఎగబాకుతుంది, అంటే మనం పెట్టిన టెన్షన్‌నే మనం కొలుస్తాం.

ఎండాకాలంలో పొదల్లో ఏరిన వాటిలో హార్మోన్ ఎక్కువ వచ్చింది. పొదల్లో వేటాడే జంతువు పొంచి ఉంటుంది కదా, భయమే కారణమని రాసేశాను. నాతో పనిచేసేవాళ్లు ఒకరు "అవి అక్కడ ఏం తింటున్నాయో చూశావా?" అని అడిగారు. చూడలేదు. వెళ్లి చూస్తే అంతా ఎండిపోయిన ఆకూ పుల్లలూ. ఆకలేసినప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వునీ కండనీ కరిగించి శక్తి అందించడం కూడా కార్టిసాల్ పనే, కాబట్టి ఆకలికీ అది పెరుగుతుంది. పైగా కడుపు కాలిన జంతువు తెగించి బయటికొస్తుంది. ఒక ఆడజింక పొద అంచున రెండు కబళాలు తీసి, నోట్లో గడ్డి వేలాడుతుండగానే తలెత్తి, చెవులు రెండూ తిప్పి చాలాసేపు అలాగే నిలబడిపోయి, మళ్లీ ఇంకో అడుగు బయటికే వేసింది. దాని పెంటికలో హార్మోన్ ఎక్కువుంటే భయమనాలా, ఆకలనాలా?

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 1995లో తోడేళ్లను తిరిగి వదిలాక ఎల్క్ దుప్పుల మీద జరిగిన పరిశోధనలో, తోడేళ్లు ఎక్కువున్న చోట కూడా ఒత్తిడి హార్మోన్ పెరగలేదు, గర్భానికి అవసరమైన ప్రొజెస్టెరాన్ మాత్రం తగ్గింది. అదే కెనడా దేశపు యూకాన్‌లోని స్నోషూ కుందేళ్లలో అయితే, వేటాడే జంతువులు పెరిగినప్పుడు కార్టిసాల్ నిజంగానే పెరిగింది, పిల్లలూ తగ్గాయి. ఒక జంతువు లెక్క ఇంకోదానికి సరిపోదు.

అందుకే హార్మోన్‌తో పాటు అదే పెంటికలో నత్రజని కూడా కొలిపించండి, మేత బాగుందో లేదో కొంతవరకు తెలుస్తుంది. ఎలుకలూ ఉడుతల్లాంటి చిన్న జంతువులైతే ఇసుక ట్రేలో లెక్కపెట్టిన గింజలు కలిపి, కొన్ని పొద కిందా కొన్ని బయటా పెట్టి, పొద్దున్నే ఎన్ని మిగిలాయో లెక్కేయండి. భయమున్న చోట గింజలు ఎక్కువ వదిలేస్తాయి. ఇంతకీ మీరు చూస్తున్నది ఏ జంతువు, చూలుతో ఉన్నవాటిని విడిగా లెక్కేస్తున్నారా?