కోనెం ముక్కల్లో పురుగులు... షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. పోయిన ఆదివారం ఒక చేపల షాపులో రెండు కిలోల కోనెం కొన్నాం. ముక్కలు కడుగుతుంటే కండలో తెల్లటి పురుగులు కనిపించాయి. వెనక్కి పట్టుకెళ్తే "సముద్రం చేపకి ఇవి మామూలే మేడమ్, డబ్బులు ఇవ్వం" అన్నారు. బిల్లు ఉంది. మేం తినలేదు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కాకపోతే పురుగు ఉందని కాదు, చేపను వెనక్కి తీసుకోలేదని వేయండి.

షాపువాళ్ల మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. కోనెం కండలో బద్దెపురుగు జాతి పిల్లలు, కానాగంతల మొప్పల్లో పేనులాంటి జీవులు సముద్రంలో ఉండగానే చేరతాయి. బాగా ఉడికితే చచ్చిపోతాయి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం సెక్షన్ 3 ప్రకారం పురుగులు పట్టిన ఆహారం 'సురక్షితం కానిది' కిందికి వస్తుంది. కానీ అదే నిర్వచనంలో 'ఆరోగ్యానికి హాని చేసేలా' అన్న షరతు కూడా ఉంది. అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. అందుకే క్రిమినల్ కేసు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అన్నట్టు, సెక్షన్ 18 మత్స్యకారులకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. హార్బర్‌లో పడవ మీద వేటగాడి దగ్గరే కొని ఉంటే ఈ చట్టం వర్తించేది కాదు. షాపుకి ఆ వెసులుబాటు లేదు.

మీకు అసలు బలం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు వెనకాల గడువేమైనా అచ్చు వేశారేమో ఒకసారి చూడండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, షాపుకి ఒక నోటీసు పంపండి. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీ కేసుకి ఫీజు ఉండదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

చిక్కల్లా సాక్ష్యంతోనే. ముక్కలు పారేయలేదు కదా? పురుగు ఉన్న ముక్కను కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పక్కన బిల్లు పెట్టి ఫొటోలు తీయండి. అవసరమైతే కమిషనే శాంపిల్‌కి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు మాత్రం ముందు మీరే కట్టాలి. కొన్నవాళ్లే నేరుగా ఫుడ్ ఎనలిస్టుకి (ఆహార పరీక్షలు చేసే అధికారికి) ఇవ్వడానికి ఆహార భద్రత చట్టంలో సెక్షన్ 40 ఉంది కానీ, పరీక్ష చేయిస్తామని కొనేటప్పుడే షాపువాడికి చెప్పి ఉండాలట! చేపలు కొనేటప్పుడు అలా చెప్పేవాళ్లెవరు? కాబట్టి దాని జోలికి పోకుండా ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఆయన షాపుకెళ్లి శాంపిల్ తీసుకుంటారు.

పరిహారం లక్షల్లో అడగకండి. చేప ధర, ఖర్చులు, మానసిక వేదనకు కొంత అడిగితే కమిషన్ ముందు మీ మాట నిలబడుతుంది.